మానినోళ్ళ అరుగు

కొర్రమీనుది మొండి ప్రాణం. కుండెడు నీళ్ళుంటే చాలు, బస్సెక్కినా బతుకుతుంది. అందుకే ముసలయ్య దాన్ని ఎంచుకున్నాడు. కుండ మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, ఒళ్ళో పెట్టుకుని, గణపవరం నుంచి తాడేపల్లిగూడెం దాకా గతుకు గతుక్కీ దాన్ని కావలించుకుంటూ కూచున్నాడు. పెద్దవాళ్ళ దగ్గరికి ఉత్తచేతుల్తో వెళ్తారా ఎవరైనా? అందులోనూ తాగుడు మాన్పించే వైద్యుడి దగ్గరికి!

నిజానికి వైద్యుడని ఎవరూ అనలేదు. ఆ బస్సు కండక్టరు అప్పారావు రేవులో అన్న మాట ఇంతే: "శనివారం మధ్యాహ్నం గూడెంలో మేం కొందరం కూచుంటామండీ. అందరం తాగి మానేసినవాళ్ళమే. ఒకసారి వచ్చి చూడండి." మిగతాదంతా ముసలయ్య పడవ మీద ఇంటికి చేరేలోపు తనే అల్లుకున్నాడు. ఓ వైద్యుడుంటాడు, ఏదో వేరు నూరి ఇస్తాడు, నాలుగు పూటలు పత్యం చెయ్యాలి, అంతటితో పీడ విరగడ.

మద్యనిషేధం వచ్చి ఏళ్ళయింది. కల్లుపాకలు మూసేశారు. తెలుగువాళ్ళకి కొత్త రాష్ట్రమూ వచ్చింది. అయినా కొల్లేటి లంకల్లోకి కల్లుకుండ ఏ దారిన వస్తుందో అక్కడి కొంగలకి కూడా తెలుసు. ముసలయ్యకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ దారి కాపలా కాసినవాడే. కానీ పడవ తిరగబడిన నాటి నుంచీ చుక్క ముట్టలేదు. కడుపుతో ఉన్న కూతురు సత్యవేణిని పుట్టింటికి తెస్తూ, తాగిన కళ్ళతో గెడ వేసి, కిక్కిస పొదల దగ్గర పడవ తిరగేశాడు. పిల్లని జుట్టు పట్టి పైకి లాగినవాడు అల్లుడు పెద్దింటయ్య. తడిబట్టలతోనే పెళ్ళాన్ని వెనక్కి తీసుకుపోయాడు.

ఇప్పుడు పిల్లకి నెలలు నిండాయి. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి అల్లుడు చివరికి మెత్తబడి కబురు పెట్టాడు. సోమవారం తీసుకొస్తాడట. రేవుకి మావ పినతండ్రి కొడుకు రామయ్య పడవ పంపాలట, మావ పడవ వద్దట. మావ ఒంటి మీద వాసన తగిలిందో, రేవులోంచే వెనక్కి మళ్ళుతాడట. ఆ కబురు విన్నాక ముసలయ్యకి అన్నం దిగలేదు. మానడం ఒక ఎత్తు, మానినవాడు మానినట్టే ఉండడం ఇంకో ఎత్తు. రెండోది తన ఒక్కడి వల్ల కాదని ఆయనకి లోపల ఎక్కడో తెలిసిపోయింది.

గూడెంలో దిగాక అప్పారావు ఒక బియ్యం మిల్లు వెనక్కి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం కూత అయిపోయి కూలీలు వెళ్ళిపోయారు. ఉడికిన ధాన్యం వాసన ఇంకా గాలిలో వెచ్చగా ఉంది. తవుడు కొట్టు ముందు పొడుగాటి అరుగు, దాని మీద ఇద్దరు. ఒకాయన నుదుట బొట్టు, భుజాన మడత నలగని ఉత్తరీయం. ఆ మిల్లు గుమాస్తా నరసింహమూర్తి. ఆయన పక్కన మోకాలి మీదికి పంచె ఎగ్గట్టుకుని కూచున్నది రిక్షా తొక్కే విశ్వాసం. ఏలూరు ఆస్పత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలట. కబుర్లు చెప్పుకున్న పూట మనసు కల్లు మీదికి పోవడం లేదని అక్కడే కనిపెట్టారు. ఇంటికొచ్చాక కూడా వారానికోసారి ఆ కబుర్లు ఆపలేదు. అదీ ఈ అరుగు పుట్టుక.

ముసలయ్యకి ఉత్తరీయమే వైద్యుడిలా కనిపించింది. అరుగు ఎక్కకుండా కిందే నిలబడి, కుండ ఆయన పాదాల ముందు పెట్టాడు.

"దండాలండి పంతులుగారూ. తమరికి తెచ్చానండి."

"ఏవిటయ్యా ఇది?"

"కొర్రమీనండి. బతికుందండి. పులుసు పెట్టిస్తే మహా బాగుంటదండి."

విశ్వాసం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి చేప గిన్నెని కూడా ముట్టని నరసింహమూర్తి కాళ్ళు పైకి లాక్కున్నాడు. అప్పుడే వాసెన ముడి సడలిందో, కొర్రమీనుకే ఆ మాట నచ్చలేదో గానీ, అది కుండలోంచి ఎగిరి అరుగు మీద పడింది. అక్కణ్ణుంచి తవుడులోకి దూకింది. అప్పారావు అటు, విశ్వాసం ఇటు. చేప వాళ్ళ చేతుల మధ్యనుంచి జారి తిన్నగా గుమాస్తాగారి వైపే వచ్చింది. "ఓరి నాయనోయ్!" అంటూ ఆయన భుజం మీది ఉత్తరీయం తీసి దాని మీద పడేసి, రెండు చేతుల్తో అదిమి పట్టాడు. పట్టాక వదలడానికి భయం, పట్టుకుని ఉండడానికి అసహ్యం. "తియ్యండర్రా, ఎవరైనా తియ్యండర్రా!" అని కేకలు పెడుతున్నాడు.

ముసలయ్య చేపని మొప్పల దగ్గర పట్టుకుని కుండలో వేశాడు. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి! పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఎవరూ చెప్పకుండానే అరుగెక్కి కూచున్నాడు. కూచున్నాక తెలిసొచ్చి దిగబోతే, నరసింహమూర్తి తవుడంటిన చేత్తోనే మోచెయ్యి పట్టి ఆపాడు.

"కూచోవయ్యా. ఇక్కడ కింద కూచునేవాళ్ళు లేరు."

"మందెప్పుడిత్తారండి?"

"మందేమీ లేదయ్యా."

"పోనీ పత్యం?"

"అదీ లేదు. కూచోవడమే."

ముసలయ్య ముఖం వాడిపోయింది. ఇంతదూరం వచ్చింది కూచోవడానికా? కూచోవడం ఇంటి దగ్గర చేతకాదా? ఆ మాట అనేలోపు నరసింహమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"నేను తాగుబోతునండీ. ఇవాళ పొద్దున్న దేవుడి దగ్గర దీపం పెడుతూంటే కూడా బుద్ధి అటే పోయింది. దీపం పెట్టాను. మిల్లుకొచ్చాను. ఇప్పుడిక్కడున్నాను. అంతే."

ఆ బొట్టుకీ ఆ మాటకీ ముసలయ్యకి పొత్తు కుదరలేదు. ఆయన గుట్టు సంగతి అప్పారావు చెవిలో చెప్పాడు. ఏలూరు ఆస్పత్రికి వెళ్ళింది కడుపునొప్పికని ఊళ్ళో చెప్పుకున్నారట. ఈ కూచోవడాన్ని మిల్లు యజమాని శనివారం భజన అనుకుంటున్నాడట. అసలు సంగతి తెలిస్తే గుమాస్తాగిరీ ఉండదు, సంపాదించుకున్న పరువూ ఉండదు. విశ్వాసం తన మాట చెప్పాడు, అప్పారావు తనది చెప్పాడు. ఒకళ్ళు మాట్లాడుతూంటే ఇంకొకళ్ళు అడ్డు రారు, జాలి పడరు, నీతులు చెప్పరు. ముసలయ్య వింటూ వింటూ అరుగు అంచు గోటితో గీకుతున్నాడు. తన కడుపులో ఉన్నదాన్నే ఎవరో బయటికి తీసి చూపిస్తున్నట్టుంది. చివరికి ఆయనకీ నోరు పెగిలింది.

"సోమారం పొద్దున్న మా దడి కట్టే రోజండి. నీళ్ళల్లో వెదురుదడి కట్టి చేపల్ని మళ్ళిత్తామండి. మొదటి గుంజ దించేముందు అమ్మోరికి కల్లు సాక పొయ్యాలండి. ఇంటికి పెద్దోణ్ణి, నేనే పొయ్యాలి. అడుగున గుక్కెడు మిగులుద్ది, అది పోసినోడు తాగాలి. పెసాదం. తాగాపోతే అమ్మోరికి కోపం, చేప పడదంటారు. తాగితే..." అని ఆగాడు. "ఆ గుక్క గుక్కతో ఆగదండి. ఆ మజ్జానమే నా కూతురు వత్తాది."

"మా గుళ్ళోనూ ఉందయ్యా ఈ చిక్కు," అన్నాడు విశ్వాసం. "రొట్టె తీసుకుంటాను. ద్రాక్షరసం గిన్నె నా దగ్గరికొచ్చేసరికి పెదాలు బిగిస్తాను. పాస్టరుగారు ఏమీ అనరు."

"మీ పాస్టరుగారు అనరండి. మా అమ్మ అంటదండి!"

అందరూ నవ్వారు గానీ దారి మాత్రం ఎవరికీ తోచలేదు. నరసింహమూర్తి తవుడంటిన ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏం చెయ్యాలో నాకూ తెలీదు ముసలయ్యా," అన్నాడు. "సోమవారం పొద్దున్న బస్సుకి నేనొస్తాను. నీ పక్కన ఉంటాను. అంతవరకే నాకు చేతనవును."

కొర్రమీను విశ్వాసం ఇంటికి వెళ్ళింది. పులుసు మహా బాగుందని తర్వాత తెలిసింది.

ఆదివారమంతా దడి పని. ముసలయ్య వెదురు చీలిస్తే, పెళ్ళాం సూరమ్మ బద్దలు వరసగా పరిచి కొబ్బరితాడుతో అల్లుతోంది. బద్దకీ బద్దకీ మధ్య చిటికెనవేలు దూరకూడదు. దూరిందంటే చేప దూరినట్టే. తాగే రోజుల్లో ముసలయ్య చీల్చిన బద్ద ఒక కొస లావుగా, ఒక కొస ఈనెలా ఉండేది. సూరమ్మ వాటిని చాటుగా పొయ్యిలో పెట్టేది. ఇవాళ ఒక్కటి కూడా పొయ్యికి పోలేదు. ఆమె అది గమనించింది, పైకి అనలేదు. అంటే దిష్టి తగులుతుందని భయం.

తల్లి నూకాలమ్మ గడపలో కూచుని మాటలు విసురుతోంది.

"చేప పోయిందంట, కబుర్లు వచ్చాయంట. కబుర్లతో మానేదైతే మీ నాన్న ఎప్పుడో మానేవోడు కదరా. నా నోరు పడిపోయిందాకా చెప్పాను."

"నువ్వు చెప్పావే. ఆళ్ళు చెప్పరు. ఆళ్ళ సంగతే ఆళ్ళు చెప్పుకుంటారు."

"అదేం వైద్యం రా?"

"నాకూ తెలవదే అమ్మా. రేత్రి నిద్రపట్టింది."

నూకాలమ్మ పొగాకు చుట్ట వెలిగించుకుని, "సాక దగ్గర మాత్రం తిక్క వేషాలు వెయ్యకు. అమ్మోరితో పెట్టుకోకు," అంది. సూరమ్మ తాడు బిగిస్తూ మొగుడి వైపు చూసింది. ఆమె కళ్ళల్లో భయం దాచుకోలేకపోయింది. ఒక పక్క అమ్మవారు, ఒక పక్క కూతురు. ఎవరికి కోపం వచ్చినా మునిగేది ఈ ఇల్లే.

సోమవారం తెల్లారాక రామయ్య రేవు నుంచి గుమాస్తాగారిని పడవలో తీసుకొచ్చాడు. నరసింహమూర్తి వాలకం చూడాలి! పడవ నడిమధ్య గొంతుక్కూచుని, రెండంచులూ రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని వచ్చాడు. ఈత రాదు. కొల్లేరుని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడనూ లేదు. ముసలయ్యకి గుండె నిండిపోయింది. నీళ్ళంటే చచ్చే భయమున్న మనిషి నాకోసం వచ్చాడు, ఏమిచ్చి ఈ రుణం తీర్చుకుంటాను అనుకున్నాడు. మనసులో అనుకోవడమే కాదు, దగ్గరికెళ్ళి ఆయన పాదాలు తాకాడు. "అయ్యో, పడవ కదులుతోందయ్యా!" అన్నాడు నరసింహమూర్తి.

దడి కట్టేచోట నీళ్ళు నడుముదాకా ఉన్నాయి. ముసలయ్య దిగి నిలబడ్డాడు. రామయ్య గుంజ నిలబెట్టి పట్టుకున్నాడు. నూకాలమ్మ రామయ్య పడవలోంచే వేపరెమ్మలు, పసుపు అందించి, ఆ తర్వాత కుండ అందించింది. కల్లు పులిసి ఉంది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. ముసలయ్యకి నోట్లో నీళ్ళూరాయి. కళ్ళు మూసుకుని, "తల్లీ, గంగమ్మా, పెద్దింటమ్మా," అంటూ సాక పోశాడు. తెల్లటి ధార నీళ్ళల్లో కలిసిపోయింది. కుండ తేలికైంది.

"అన్నా, పెసాదం తీసుకో," అన్నాడు రామయ్య.

కుండ అడుగున గుక్కెడు మిగిలింది. ముసలయ్య కుండ ఎత్తాడు, పెదాల దాకా వచ్చింది. ధైర్యం కోసం పక్కనున్న ఆ పడవ వైపు చూశాడు. నరసింహమూర్తి ఆయన వైపు చూడటం లేదు. కుండ వైపు చూస్తున్నాడు. పెదాలు తడిగా ఉన్నాయి, గుటకలు మింగుతున్నాడు. పడవ అంచు వదిలేసి ఒక చెయ్యి ముందుకు చాచాడు. అది చాచినట్టు ఆయనకే తెలియదు. నీళ్ళ భయం కూడా మర్చిపోయాడు మనిషి.

ముసలయ్య చేతిలో కుండ పెదాల దగ్గరే ఆగింది. ఈయన నాకు తోడొచ్చాడనుకున్నానే, ఈ వాసన దగ్గరికి ఈయన్ని పడవెక్కించి రప్పించింది నేనే కదా! నేనిది తాగితే నాతో ఆగదు. ఈయన ఇంటికి ఏ మొహంతో వెళ్తాడు? అమ్మవారూ, అమ్మా, చేపలూ అన్నీ ఆ క్షణాన వెనక్కి పోయాయి. కుండ ఒక్క విసురుగా బోర్లించాడు. ఎదురుగాలికి సగం నీళ్ళల్లో పడింది, సగం ఆయన ఛాతీ మీద, పంచె మీద పడింది.

రామయ్య గుంజ పట్టుకుని నూకాలమ్మ వైపు చూశాడు. నూకాలమ్మ కొడుకుని చూసింది, పక్కనున్న పంతులుని చూసింది. ఆవిడ తాగుబోతు మొగుడితో కాపురం చేసిన మనిషి. ఆ చెయ్యి ఎందుకు చాచి ఉందో ఆవిడకి ఒకళ్ళు చెప్పాలా?

"అమ్మోరికి తక్కువ పోత్తే కోపం గానీ, ఎక్కువ పోత్తే కోపమేంట్రా!" అంది గట్టిగా. "అంతా ఆ తల్లే తాగింది. కానీండి, గుంజ దించండి. ఒరే ముసలీ, ముందు ఆ బాబుని ఒడ్డుకి చేర్చు."

ముసలయ్య తన పడవలోకి నరసింహమూర్తిని ఎక్కించుకుని గెడ వేశాడు.

"నీకు సాయం చేద్దామని వచ్చాను," అన్నాడు నరసింహమూర్తి. "ఇంకాస్త ఆలస్యమైతే నీ చేతిలోంచి లాక్కునేవాణ్ణయ్యా."

"తెలుసండి."

"సిగ్గుగా ఉంది."

"తమరు రాకపోతే నేను తాగేద్దునండి. తమర్ని చూసే పారబోశాను. ఇందులో సిగ్గెందుకండి బాబూ?"

నరసింహమూర్తి ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఒత్తుకోవడానికి పడవ అంచు వదలాల్సొచ్చింది. వదిలాడు.

రేవులో అప్పారావు బస్సు గూడెం వెళ్ళడానికి సిద్ధంగా ఉంది. ముందు సీటులో మిల్లు యజమానిగారి బావమరిది, లంకల్లో కౌలు వసూళ్ళు చూసుకుని వెళ్తున్నాడు కాబోలు, కిటికీ పక్కన కూచుని ఉన్నాడు. బస్సు దిగి మూటలతో ఒడ్డున నిలబడ్డ వాళ్ళని చూసి ముసలయ్య చేతిలో గెడ ఆగిపోయింది. సత్యవేణి, అల్లుడు. మధ్యాహ్నం వస్తారనుకున్నవాళ్ళు ముందు బస్సుకే వచ్చేశారు.

ముసలయ్య పడవ కట్టి ఒక్క గెంతున ఒడ్డెక్కాడు. పెద్దింటయ్య మొదట ముఖం చూశాడు. తర్వాత గాలి అటు వీచింది.

"తాగారు మావయ్యా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

"లేదు బాబూ. సాక పోత్తంటే మీద పడింది."

"ఎప్పుడూ మీదే పడుద్ది. ఆ రోజూ మీదే పడింది. మూట తియ్యి సత్యా. బస్సు ఉంది, ఎక్కుదాం."

ముసలయ్య ఏం చెప్తాడు? ఎన్నిసార్లు అమ్మవారి మీద ఒట్టేశాడో, పిల్ల తలమీద ఒట్టేశాడో, అన్నీ గట్టున పెట్టినవే. నమ్మమని అడిగే మొహం లేక తలొంచుకుని నిలబడ్డాడు. ఛాతీ మీద కల్లు ఎండి జిగటగా అంటుకుంది. సత్యవేణి మూట తియ్యలేదు, అలాగని ముందుకీ రాలేదు.

నరసింహమూర్తి బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాడు. అది దించి వెనక్కి వచ్చాడు.

"ఆయన తాగలేదు బాబూ. నేను పక్కనే ఉన్నాను."

"మీరెవరండీ?"

చెప్పడానికి అబద్ధాలు లేకపోలేదు. స్నేహితుణ్ణి అనొచ్చు, చేపల బేరానికి వచ్చానని అనొచ్చు. కిటికీలోంచి బావమరిదిగారు మెడ చాచి చూస్తున్నారు. నరసింహమూర్తి ఆ కిటికీ వైపు ఒకసారి చూసి, ఇటు తిరిగి, అరుగు మీద చెప్పినట్టే చెప్పాడు.

"నేను తాగుబోతునండీ. గూడెంలో మిల్లు గుమాస్తాని. మిగిలిన గుక్క చూసి నాకు నోరూరింది. చెయ్యి చాచాను. నేనెక్కడ పాడైపోతానోనని మీ మావగారు తను తాగాల్సింది పారబోశారు. అదండీ ఆ వాసన. నా మాట నమ్మకపోతే, నా కంటే పెద్ద సాక్ష్యం నేను తేలేను."

అప్పారావు గంట తాడు పట్టుకుని లాగకుండా ఉండిపోయాడు. కిటికీలో మెడ లోపలికి వెళ్ళింది. రేపు మిల్లులో ఏం జరుగుతుందో అక్కడున్న అందరికంటే ఎక్కువగా నరసింహమూర్తికే తెలుసు. అయినా ముఖం తేటగా ఉంది. మోస్తున్న బస్తా దించిన కూలీలా ఊపిరి పీల్చుకున్నాడు.

అంత పెద్దమనిషి నడిరేవులో అలా అంటాడని పెద్దింటయ్య కల్లో కూడా అనుకుని ఉండడు. రామయ్య పడవ వస్తోందేమోనని అటూ ఇటూ చూశాడు. అది ఇంకా రాలేదు. సత్యవేణి ఎవరి మొహమూ చూడలేదు. ఒక చేత్తో పొట్ట ఆనించుకుని, తండ్రి పడవ దాకా మెల్లగా నడిచి, నీళ్ళ అంచున ఆగింది.

"నాన్నా, చెయ్యియ్యి."

ముసలయ్య చెయ్యి ఇచ్చాడు. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని పడవలోకి దిగి, అడుగున చతికిలబడింది. పెద్దింటయ్య కాసేపు నిలబడి, మూటలు తెచ్చి పెట్టి, తనూ ఎక్కి పెళ్ళాం పక్కన కూచున్నాడు.

బస్సు కదిలింది. కిటికీలో నరసింహమూర్తి ఉత్తరీయం కనిపించింది. ముసలయ్యకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలని ప్రాణం కొట్టుకుపోయింది. కానీ పెట్టాలంటే గెడ వదలాలి. నెలలు నిండిన పిల్ల పడవలో ఉండగా గెడ ఎలా వదులుతాడు? వదల్లేదు. "శనారం వత్తానండీ పంతులుగారూ!" అని మాత్రం గొంతు చించుకుని అరిచాడు. బస్సు మలుపు తిరిగినా అటే చూస్తూ ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ముందు చూసి వెయ్యి నాన్నా," అంది సత్యవేణి.